సముద్రంలో టర్మినల్ కట్టొచ్చా, వద్దా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సముద్రంలో ఆయిల్, గ్యాస్ టర్మినళ్లు (ఓడల్లో వచ్చే చమురు, గ్యాస్‌ను దించుకునే కట్టడాలు) కట్టే ముందు చేసే ఫీజిబిలిటీ స్టడీల గురించి పోయిన నెల ఈ శీర్షికలో నాలుగు మాటలు రాశాను. నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి పేజీలన్నీ వాటికే ఇస్తున్నాను. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపి జవాబు చెప్పాను.

మా సీనియర్ అన్న ఒకాయన చెన్నైలో ఆఫ్‌షోర్ టర్మినళ్ల ఫీజిబిలిటీ స్టడీలు చేసే కంపెనీలో చేరాడు. ఏం పనన్నా అంటే రిపోర్టులు రాస్తాం అంటాడు. ఇది మన ఎత్తిపోతల పథకాల డీపీఆర్ లాంటిదేనా సార్? (సివిల్ ఫైనలియర్ విద్యార్థి, మిర్యాలగూడ)

కాదు తమ్ముడూ, దానికంటే ముందుది. డీపీఆర్, అంటే వివరమైన ప్రాజెక్టు నివేదిక, దగ్గరికి వచ్చేసరికి కడదామని దాదాపు నిర్ణయం అయిపోయి ఉంటుంది, ఎట్లా కట్టాలి, ఎంతవుతుంది అన్నది అందులో రాస్తారు. ఫీజిబిలిటీలో అసలు ఇక్కడ కట్టొచ్చా, కడితే ఏ రకం కట్టాలి, ఏడాది పొడవునా నడుస్తుందా, పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందా, దీనివల్ల ఎవరికైనా నష్టమా అని చూస్తారు. వీటిలో ఏ ఒక్కదానికి "లేదు" అని తేలినా అక్కడితో ఆపేయడానికే ఆ స్టడీ. జవాబు ముందే అనుకుని, దానికి తగ్గట్టు రాసిన రిపోర్టును నేను స్టడీ అనను. ఈ మాట నీ ఉద్యోగం మొదటి రోజు నుంచే గుర్తుపెట్టుకో, ఎందుకంటే అలా రాయమని అడిగేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు.

ఏ రకం కట్టాలి అన్నదానికి ఒక ఉదాహరణ చెప్తాను. ముడి చమురు తెచ్చే పెద్ద ట్యాంకరు, వీఎల్‌సీసీ అంటారు, పొడవు 330 మీటర్ల దాకా ఉంటుంది, ఒక్కసారికి సుమారు 20 లక్షల బ్యారెళ్లు మోస్తుంది. నిండుగా ఉన్నప్పుడు ఓడ అడుగు నీళ్లలో 20 మీటర్లకు పైనే దిగి ఉంటుంది. ఇంత లోతు మన రేవుల్లో ఒడ్డు పక్కన ఎక్కడ దొరుకుతుంది? తవ్వొచ్చు, కానీ తవ్విన కాలువ మళ్లీ పూడుతుంది, ఏటా తవ్వుతూనే ఉండాలి. అందుకని ఒడ్డుకు దూరంగా, 30 మీటర్ల లోతు ఉన్నచోట ఒక పెద్ద బోయాను గొలుసులతో లంగరు వేసి, ఓడను దానికి కట్టేసి, తేలే గొట్టాల ద్వారా చమురును సముద్రం అడుగున ఉన్న పైప్‌లైన్‌లోకి పంపుతారు. దీన్నే సింగిల్ పాయింట్ మూరింగ్, ఎస్‌పీఎం అంటారు. గాలి ఎటు తిరిగితే ఓడ అటు తిరుగుతుంది, కాబట్టి అలలకు ఎప్పుడూ అడ్డంగా పడదు. గుజరాత్‌లో వాడినార్, ఒడిశాలో పారాదీప్ దగ్గర చమురు ఇలాగే దిగుతుంది. అమెరికాలో లూసియానా తీరానికి 29 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆయిల్ పోర్టు 1981 నుంచి ఇదే పద్ధతిలో నడుస్తోంది.

గ్యాస్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క కుదరదు. ఎల్ఎన్‌జీ అంటే మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి ద్రవం చేసిన సహజవాయువు, అట్లా చేస్తే దాని పరిమాణం 600 రెట్లు తగ్గుతుంది. అంత చలిని తట్టుకుంటూ అలల మీద తేలే పొడవాటి గొట్టాలు మామూలు వాడకంలో లేవు. కాబట్టి జెట్టీ (ఓడ ఆనుకుని నిలిచే వంతెన లాంటి కట్టడం) కావాలి, లేదా ద్రవాన్ని మళ్లీ గ్యాస్ చేసే తేలే ఓడను అక్కడే నిలబెట్టాలి. ఇటలీలో 2009లో మొదలైన అడ్రియాటిక్ టర్మినల్ కోసమైతే తీరానికి 15 కిలోమీటర్ల దూరంలో ఏకంగా ఒక కాంక్రీటు కట్టడాన్నే సముద్రం అడుగున కూర్చోబెట్టారు. ఏది ఎక్కడ నప్పుతుందో తేల్చడమే మీ సీనియర్ చేసే పని. రిపోర్టు రాయడం ఆ పనికి చివరి మెట్టు.

మా దగ్గర నాలుగు బోర్లు వేస్తే ఒకదాంట్లో నీళ్లు పడతాయి, అదీ ఖాయం లేదు. మరి సముద్రం కింద నేల ఎట్లుందో ఎట్లా తెలుస్తుంది? (రైతు, దేవరకొండ దగ్గర)

పెద్దాయనా, మీరు అడిగింది ఈ స్టడీలో సగం ఖర్చు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న. మీ చేనులో పది గజాల తేడాతో ఒక బోరు ఎండితే ఇంకోటి పోసినట్టే, సముద్రం కింద కూడా వంద మీటర్లు పోయేసరికి నేల మారిపోతుంది. అందుకని ముందు పడవ మీద నుంచి ధ్వని పంపి చూస్తారు. ఒక పరికరం లోతు కొలుస్తుంది, ఇంకోటి అడుగున రాళ్లున్నాయా, మునిగిన పడవలున్నాయా చూపిస్తుంది, మరోటి ఇసుక, బంకమట్టి పొరలు ఎంత మందం ఉన్నాయో గీసిస్తుంది. ఆ తర్వాతే, అనుమానం ఉన్నచోట్ల కాళ్లున్న బార్జిని (బల్లపరుపు పడవను) నిలబెట్టి బోర్లు వేస్తారు. మొన కోసుగా ఉన్న కడ్డీని నేలలోకి నెడుతూ అది ఎంత గట్టిగా అడ్డుకుంటుందో అడుగడుక్కీ కొలుస్తారు.

గోదావరి, కృష్ణ నదులు వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టి మీద స్తంభాలు నిలబెట్టడం తేలిక కాదు. మెత్తని మట్టి లోతుగా ఉంటే, గట్టి పొర తగిలేదాకా పైల్స్, అంటే పొడవాటి పునాది స్తంభాలు, దింపాలి, ఒక్కో పైల్ పొడవు పది మీటర్లు పెరిగితే జెట్టీ ఖర్చే మారిపోతుంది. మెత్తని మట్టి ఒక్కటే కాదు, వదులు ఇసుకతో కూడా ప్రమాదం ఉంది. భూకంపం వస్తే నీళ్లతో నిండిన వదులు ఇసుక కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో కాండ్లా పోర్టులో పైల్స్ మీద కట్టిన కస్టమ్స్ టవర్ అలాగే ఒరిగిపోయింది.

నేల గురించి ముందే పూర్తిగా తెలియని చోట పని చేయడం ఎంత భయంకరమో మన దగ్గర ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో కప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. పైన పులుల అభయారణ్యం, మధ్యలో పై నుంచి దారులు తవ్వే వీల్లేదు. సముద్రంలో ఆ అడ్డంకి లేదు, బార్జి తీసుకెళ్లి ఎక్కడ కావాలంటే అక్కడ బోరు వేయొచ్చు, డబ్బే అడ్డం. అందుకే బోర్లు తగ్గించి ఖర్చు మిగిలిద్దామని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

వందేళ్లకోసారి వచ్చే అలకు తట్టుకునేలా డిజైన్ చేస్తారని చదివాను. పోయినేడు అలాంటి అల వస్తే ఇక 99 ఏళ్లు నిశ్చింతేనా? (డిగ్రీ కాలేజీ లెక్చరర్, మహబూబ్‌నగర్)

కాదండి. ఈ మాటను పేపర్లు, టీవీలు కూడా చాలాసార్లు తప్పుగానే చెప్తాయి. వందేళ్ల అల అంటే ఏ సంవత్సరమైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని అర్థం. పోయినేడు వచ్చినా ఈ ఏడు కూడా అదే ఒక శాతం. టర్మినల్ 25 ఏళ్లు నడపాలనుకుంటే, ఆ 25 ఏళ్లలో ఒక్కసారైనా అంతటి అల వచ్చే అవకాశం 22 శాతం. మీ పిల్లలకు లెక్క చేయించండి: 0.99ని 25 సార్లు గుణించి, ఒకటిలోంచి తీసేస్తే వస్తుంది. అంటే నూరు టర్మినళ్లుంటే ఇరవై పైచిలుకు వాటికి ఆ దెబ్బ తగులుతుంది. అది తగిలినా విరగకుండా నిలవాలి అన్నదే డిజైన్.

తూర్పు తీరానికి ఇది పుస్తకాల లెక్క కాదు. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరు 12న విశాఖ మీద హుద్‌హుద్. ఒకరి జీవితకాలంలోనే మూడు పెద్ద తుపాన్లు. అయితే తుపాను అల ఎత్తే చూసి ఊరుకోకూడదు. ఎక్కడో దక్షిణ సముద్రాల్లో పుట్టి వచ్చే పొడవాటి అలలు, స్వెల్ అంటారు, చూడ్డానికి చిన్నగానే ఉంటాయి, కానీ ఒక అలకూ ఇంకో అలకూ మధ్య 15 సెకన్లకు పైగా తేడా ఉండి, కట్టేసిన ఓడను మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతాయి. ఆ ఊపుకు తాళ్లు తెగుతాయి, ఓడకూ జెట్టీకీ మధ్య సరుకు పంపే గొట్టాన్ని (లోడింగ్ ఆర్మ్) విడదీయాల్సి వస్తుంది. ఎండ కాస్తూ, గాలి లేని రోజున కూడా ఓడను నిలపలేకపోవడానికి ఇదే కారణం. అందుకే కనీసం ఒక ఏడాది అలల కొలతలు అక్కడికక్కడే తీయాలని నేను పట్టుబడతాను. ఉపగ్రహాల డేటా, కంప్యూటర్ మోడళ్లు మంచివే, కానీ ఆ చోట తేలుతూ కొలిచిన బోయాతో సరిచూడకపోతే వాటిని నమ్మలేం.

ఇంత చదివి, ఇంత కొలిచి కట్టినా సరిగ్గా నడవని టర్మినళ్లు ఉన్నాయా? (పాఠకుడు, వనపర్తి)

ఉన్నాయి, మన దేశంలోనే రెండు. ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఇంజనీరూ వాటిని చదవాలని నా కోరిక.

మొదటిది మహారాష్ట్రలోని దాభోల్. ఎల్ఎన్‌జీ టర్మినల్ 2013లో మొదలైంది, కానీ అలలను ఆపే బ్రేక్‌వాటర్ అప్పటికి పూర్తి కాలేదు. కొంకణ్ తీరంలో నైరుతి రుతుపవనాలు ఎంత గట్టిగా కొడతాయో తెలిసిందే. ఫలితం, ఏళ్ల తరబడి వానాకాలం నెలల్లో ఓడలు రాకుండా టర్మినల్‌ను ఆపేయాల్సి వచ్చింది. ట్యాంకులున్నాయి, పంపులున్నాయి, మనుషులున్నారు, ఓడ మాత్రం రాలేదు.

రెండోది కొచ్చి. ఇది కూడా 2013లోనే మొదలైంది, ఏడాదికి 50 లక్షల టన్నుల సామర్థ్యం. సముద్రం వైపు ఏ లోటూ లేదు. కానీ గ్యాస్‌ను తీసుకెళ్లే కొచ్చి-మంగళూరు పైప్‌లైన్, 450 కిలోమీటర్లు, భూసేకరణ చిక్కుల్లో పడి 2021 జనవరిలో గానీ ప్రారంభం కాలేదు. అన్నేళ్లూ టర్మినల్ తన సామర్థ్యంలో చాలా తక్కువ భాగంతోనే నడిచింది. అంటే స్టడీ చేసేవాడు జెట్టీ దగ్గరే ఆగిపోతే చాలదు, చివరి కస్టమరు గేటు దాకా పోవాలి. పైపు ఏ ఊళ్ల మీదుగా వెళ్తుంది, ఆ రైతులు ఒప్పుకుంటారా అన్నది కూడా సాధ్యాసాధ్యాల్లో భాగమే. అలల లెక్కకు ఎంత శ్రద్ధ పెడతామో దీనికీ అంతే పెట్టాలి.

ఓడ ఆలస్యమైతే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. 50 లక్షల టన్నుల టర్మినల్‌కు, ఒక్కో ఓడ సుమారు 72 వేల టన్నులు తెస్తుందనుకుంటే, ఏడాదికి 70 ఓడలు కావాలి, అంటే 5 రోజులకొకటి. రోజుకు పైపులోకి పంపేది దాదాపు 13,700 టన్నులు. ఒక ఓడ సరుకు పట్టే ట్యాంకు ఒక్కటే ఉంటే, అది నిండుగా ఉన్నా 5 రోజుల్లో ఖాళీ. తుపాను వల్ల ఓడ వారం ఆగిందా, ఎరువుల ఫ్యాక్టరీ, కరెంటు ప్లాంటు ఆగినట్టే. రెండు ట్యాంకులైతే పది రోజులు గడుస్తుంది, కానీ ఇంకో ట్యాంకంటే వందల కోట్లు. కాబట్టి బ్రేక్‌వాటర్ మీద పెట్టాలా, ట్యాంకు మీద పెట్టాలా, లేక ఏడాదికి ఇన్ని రోజులు ఆగుతుందని ఒప్పుకుని కస్టమర్లతో ముందే అలా ఒప్పందం రాసుకోవాలా? దీన్ని తేల్చకుండా ఇచ్చిన రిపోర్టు ఎన్ని వందల పేజీలున్నా పనికిరాదు.

ఒకసారి ఒక క్లయింటు కంపెనీ మేనేజరు, ఏడాదికి ఎన్ని రోజులు ఓడ రాలేకపోతుందో చెప్పే పట్టికను రిపోర్టు ముందు పేజీల్లోంచి తీసి వెనక అనుబంధంలో పెట్టమన్నాడు, బ్యాంకువాళ్లు భయపడతారట. మేం తీయలేదు. డబ్బు అప్పిచ్చేవాడు మొదట చూడాల్సింది ఆ పట్టికే కదా.

మొదట వెయ్యి కోట్లంటారు, పని మొదలయ్యేసరికి రెండు వేల కోట్లంటారు. ఇది మోసం కాదా? (వ్యాపారి, సూర్యాపేట)

అన్నిసార్లూ మోసం కాదు. స్టడీ మొదటి దశలో, ఇంజనీరింగ్ ఏమీ జరగనప్పుడు, అంచనాలో తప్పు ఎంతుండొచ్చో అంతర్జాతీయ పద్ధతులే చెప్తాయి: అసలు ఖర్చు సగానికి పడిపోవచ్చు, రెట్టింపూ కావచ్చు. బోర్లు వేసి, అలలు కొలిచి, డిజైన్ ముందుకు పోతున్న కొద్దీ ఆ తేడా 20, 30 శాతానికి తగ్గుతూ వస్తుంది. మోసం ఎక్కడంటే, మొదటి దశ అంకెను తేడా చెప్పకుండా వెయ్యి కోట్లని తెగేసి ప్రకటించడంలో. మీరు ఏ ప్రాజెక్టు గురించి చదివినా, ఆ అంకె ఏ దశదో, ఎంత అటూఇటూ కావచ్చో అడగండి.

ఈ టర్మినళ్లకూ మా ఇంట్లో సిలిండరుకూ ఏమైనా సంబంధం ఉందా? (గృహిణి, కొల్లాపూర్)

ఉందమ్మా. మన దేశంలో వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా ఓడల్లో వచ్చేదే. విశాఖలో నేల కింద రాతిని తొలిచి చేసిన గుహలో 60 వేల టన్నుల ఎల్‌పీజీ నిల్వ ఉంచుతారు, అది 2007 నుంచి నడుస్తోంది. పెట్రోలు, డీజిల్ అయితే విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైప్‌లైన్‌లోనే వస్తాయి. తీరంలో ఓడ నాలుగు రోజులు ఆగితే ఇక్కడ వెంటనే తెలియదు, ఎక్కువ రోజులు ఆగితే మాత్రం ఏజెన్సీ దగ్గర మీకే తెలుస్తుంది.

శ్రీశైలం నీళ్లలో మా అమ్మమ్మ వాళ్ల ఊరు మునిగిపోయింది. అప్పుడు ఎవరూ మమ్మల్ని అడగలేదని పెద్దవాళ్లు ఇప్పటికీ బాధపడతారు. సముద్రంలో కట్టేటప్పుడు బెస్తవాళ్లను అడుగుతారా? (పాఠకురాలు, నాగర్‌కర్నూలు)

చెల్లీ, చట్టం ప్రకారం అడగాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలి, దానికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ కూర్చోవాలి, అంతా వీడియో తీయాలి. తీర ప్రాంతంలో కట్టడాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు వేరే.

కానీ నా బాధ ఇంకోటి. ఆ సభ జరిగే సమయానికి స్థలం ఖరారైపోయి, డ్రాఫ్టు నివేదిక తయారై ఉంటుంది. అప్పుడు ఊరివాళ్లు వద్దన్నా మార్చడానికి ఎవరికీ మనసొప్పదు, డబ్బు అప్పటికే పోసి ఉంటారు. అందుకే స్థలాలు ఇంకా మూడో నాలుగో కాగితం మీద ఉన్నప్పుడే, అంటే ఫీజిబిలిటీ దశలోనే, పల్లెలకు వెళ్లాలంటాను. వల ఏ నెలలో ఎక్కడ వేస్తారు, పడవ ఏ దారిన పోతుంది, ఏ రోజుల్లో పోటు ఎక్కువ, ఇవన్నీ వాళ్ల దగ్గర ఉన్నంత వివరంగా ఏ రికార్డులోనూ ఉండవు. టర్మినల్ వచ్చాక దాని చుట్టూ భద్రతా వలయం పెడతారు, అందులోకి పడవ రానివ్వరు. ఆ వలయం వాళ్ల చేపల తావు మీద పడుతుందా అన్నది ముందే చూస్తే, బోయాను కిలోమీటరు జరపడం కాగితం మీద చాలా చిన్న పని.

ఇంకో సంగతి ఇసుక. తూర్పు తీరంలో అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. మధ్యలో ఒడ్డు నుంచి గట్టు కడితే ఇసుక దక్షిణం పక్కన పోగుపడి, ఉత్తరాన ఉన్న ఊరి తీరం కోసుకుపోతుంది. చెన్నై హార్బరుకు ఉత్తరాన రాయపురం వైపు జరిగింది ఇదే. విశాఖలో పోర్టువాళ్లు ఇసుకను తవ్వి అవతలి బీచ్‌కు పోస్తూ ఉంటారు. నీళ్లు పారేలా స్తంభాల మీద కట్టిన జెట్టీకి ఈ ఇబ్బంది చాలా తక్కువ, రాతి గట్టుకు చాలా ఎక్కువ. గట్టు కట్టక తప్పదంటే, ఉత్తరాన ఊరికి ఏటా ఎంత ఇసుక పోయాలో, దానికి డబ్బు ఎవరు పెడతారో రిపోర్టులోనే రాసి తీరాలి. ఊరు కోసుకుపోయాక నష్టపరిహారం ఇస్తామనడం న్యాయం కాదు.

ప్రమాదాల సంగతి ముందే చూస్తారా? (పాఠకుడు, కల్వకుర్తి)

చూస్తారు, చూడాలి. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై మంటలు లేచి 60 మంది దాకా చనిపోయారు. 2005 జూలై 27న సముద్రంలో చమురు తీసే ముంబై హై నార్త్ ప్లాట్‌ఫామ్ దగ్గరికి, గాయపడిన ఒక మనిషిని దించడానికి వచ్చిన ఓడ గ్యాస్ పైపుకు తగిలింది, మంటల్లో ప్లాట్‌ఫామ్ మొత్తం పోయింది, 22 మంది ప్రాణాలు పోయాయి. పైపు ఏ పక్కన పెట్టాలి, ఓడ ఏ పక్కన రావాలి అన్నది డ్రాయింగ్ మొదటి రోజుల్లోనే తేలాల్సిన విషయం. లీకైతే గ్యాస్ మబ్బు ఎంత దూరం పాకుతుందో లెక్కగట్టి, ఆ దూరంలో ఇళ్లుంటే ఆ స్థలాన్ని వదులుకోవాలి.

మా చెల్లె నల్లగొండలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. ఈ రంగంలోకి ఆడపిల్లలు వెళ్లొచ్చా, ఏం చదవాలి? (ఒక అన్న, నల్లగొండ)

నిక్షేపంగా వెళ్లొచ్చు. ఫీజిబిలిటీ పని ఎక్కువ భాగం ఆఫీసులోనే, సర్వేల కోసం అప్పుడప్పుడు తీరానికి, పడవ మీదికి వెళ్లాలి. ఆఫ్‌షోర్ ప్లాట్‌ఫామ్ మీదికి హెలికాప్టర్లో వెళ్లాల్సి వస్తే, నీళ్లలో పడ్డ హెలికాప్టర్లోంచి బయటపడే శిక్షణ ముందు ఇస్తారు, ఆడ మగ అందరికీ అదే. ఈత రాకపోతే ఇప్పుడే నేర్చుకోమనండి.

చదువుకు వస్తే, గేట్ రాసి ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజనీరింగ్ ఎంటెక్ మంచి దారి. విశాఖలో పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఉంది, కాకినాడ జేఎన్టీయూలో పెట్రోలియం కోర్సులున్నాయి. ఇంటర్న్‌షిప్ కోసం చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీకీ, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం సీడబ్ల్యూపీఆర్ఎస్‌కూ రాసి చూడమనండి. రెండో చోట మన రేవుల నమూనాలు చిన్నవిగా కట్టి, నీళ్లు నింపి, అలలు పుట్టించి చూస్తారు. సాఫ్ట్‌వేర్ల గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు, కంపెనీలో నేర్పిస్తారు. సాయిల్ మెకానిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, ప్రాబబిలిటీ ఈ మూడూ గట్టిగా పట్టుకోమనండి. ఏ సబ్జెక్టులో కష్టంగా ఉందో తననే నాకు నేరుగా రాయమనండి, ఏ పాఠం ముందు చదవాలో జవాబిస్తాను.